కిరణం పనిచేసింది, విమానం మూలపడింది

2024లో అమెరికాలో రెండు లేజర్ ప్రాజెక్టులు చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయి. మొదటిది షీల్డ్. యుద్ధవిమానానికి తగిలించే పాడ్‌లో, అంటే గొట్టంలాంటి పెట్టెలో, లేజర్ అమర్చి, మీదికొచ్చే క్షిపణులను దానితో కాల్చేయాలన్నది ఆలోచన. రెండోది నేల మీది లక్ష్యాలను ఫిరంగులతో కాల్చే ఏసీ-130జే గన్‌షిప్‌ విమానానికి 60 కిలోవాట్ల లేజర్ బిగించడం. రెండూ గాల్లో ఒక్క షాట్ కూడా పేల్చకుండానే ముగిశాయి. సాంకేతికత ఇంకా చేతికి రాలేదు కాబోలు అనుకుంటాం. నిజానికి విమానంలోంచి లేజర్‌తో క్షిపణిని కూల్చడం నలభై ఏళ్ల కిందటే జరిగింది. పేచీ ఎప్పుడూ వేరే చోట వచ్చింది: ఎంత దూరం నుంచి, ఎంత బరువు మోసుకెళ్లి?

1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. దాంతో లోహాన్ని కాల్చాలనే కోరిక వెంటనే పుట్టింది గానీ, అంత శక్తి రావడానికి ఆ దశాబ్దం చివరిదాకా ఆగాల్సి వచ్చింది. గ్యాస్ డైనమిక్ లేజర్‌తో అది కుదిరింది. బాగా వేడెక్కిన వాయువును రాకెట్ ఇంజిన్‌లోలాగే సన్నటి నాజిళ్ల గుండా ధ్వనిని మించిన వేగంతో వదులుతారు. అది ఒక్కసారిగా చల్లబడుతుంది, కార్బన్ డయాక్సైడ్ అణువుల్లో మిగిలిపోయిన శక్తి కిరణంగా బయటికొస్తుంది. ఈ యంత్రాంగాన్ని అమెరికా వాళ్లు ఎన్‌కేసీ-135 అనే పెద్ద జెట్ విమానంలోకి ఎక్కించారు. 1981 జూన్‌లో తొలి ప్రయత్నం విఫలమైంది, పత్రికలు బాగానే ఏకిపారేశాయి. 1983లో అదే విమానం విమానాల మీదికి పేల్చే ఐదు సైడ్‌వైండర్ క్షిపణులను, ఆ తర్వాత డ్రోన్లను దెబ్బతీసింది. ఆ మరుసటి ఏడాదే దాన్ని విరమింపజేశారు. సోవియట్ యూనియన్ కూడా ఇల్యూషిన్-76ను మార్చి ఏ-60 అనే లేజర్ విమానాన్ని 1981లోనే ఎగరేసింది. అదీ ప్రయోగం దాటి ముందుకు పోలేదు.

గెలిచిన విమానాన్ని ఎందుకు పక్కన పెట్టారు? లేజర్ కిరణం ఎంత సూటిగా కనిపించినా దూరం పెరిగేకొద్దీ విచ్చుకుంటుంది. ఎంత విచ్చుకుంటుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: కాంతి తరంగదైర్ఘ్యం, దాన్ని పంపే అద్దం వ్యాసం. తరంగదైర్ఘ్యం పెరిగితే ఎక్కువ, అద్దం పెరిగితే తక్కువ. కార్బన్ డయాక్సైడ్ లేజర్ తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మీటరులో పది లక్షో వంతు). దూరంలో ఉన్న లక్ష్యం మీద పడేసరికి వేడంతా పలచబడిపోతుంది. అద్దం పెంచుదామంటే విమానంలో చోటు ఎంతని ఉంటుంది?

దీనికి విరుగుడు 1977లోనే, న్యూమెక్సికోలోని కర్ట్‌లాండ్ వైమానిక స్థావరంలో దొరికింది. క్లోరిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, అయోడిన్‌ల రసాయన చర్యతో నడిచే లేజర్ అది. తరంగదైర్ఘ్యం 1.315 మైక్రాన్లు, అంటే పాతదానిలో ఎనిమిదో వంతు. అదే అద్దం, అదే దూరం అయితే కాంతి మచ్చ వైశాల్యం అరవై రెట్లకు పైగా తగ్గుతుంది.

దానికి పని కల్పించింది 1991 గల్ఫ్ యుద్ధం. ఫిబ్రవరి 25న సౌదీలోని దహ్రాన్‌లో అమెరికా సైనికుల బస మీద ఇరాక్ స్కడ్ క్షిపణి పడి 28 మంది చనిపోయారు. క్షిపణిని నెత్తి మీదికొచ్చాక ఆపడం కన్నా, పైకి లేస్తున్నప్పుడే కొట్టడం మేలన్న వాదన బలపడింది. ఆ దశలో దాని మంట దూరం నుంచే కనిపిస్తుంది, ఇంధన ట్యాంకు లోపల ఒత్తిడి మీద ఉంటుంది. క్షిపణి పైరేకును కరిగించి చిల్లు పెట్టాల్సిన పని కూడా లేదు. ఒకచోట వేడెక్కించి మెత్తబరిస్తే లోపలి ఒత్తిడే దాన్ని చీల్చేస్తుంది. అలా కొట్టే లేజర్ విమానం కోసం 1996లో బోయింగ్, టీఆర్‌డబ్ల్యూ, లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీల బృందానికి కాంట్రాక్టు దక్కింది. వైఏఎల్-1 అలా మొదలైంది.

ఆ విమానం సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బోయింగ్ 747 సరుకు రవాణా విమానం వెనక భాగంలో ఆరు లేజర్ మాడ్యూళ్లు, వాటికి కావాల్సిన రసాయనాలు. కిరణం అక్కడి నుంచి విమానం పొడవునా గొట్టంలో ప్రయాణించి, ముక్కు దగ్గర ఏర్పాటు చేసిన, అటూ ఇటూ తిరిగే టరెట్‌లోని 1.5 మీటర్ల అద్దం నుంచి బయటికి పోతుంది. అసలు కిరణానికి ముందు మరో రెండు చిన్న లేజర్లు వెళ్తాయి. ఒకటి క్షిపణి మీద ఎక్కడ గురి పెట్టాలో చూస్తుంది. రెండోది దారిలో గాలి ఎలా అల్లకల్లోలంగా ఉందో కొలుస్తుంది. ఆ కొలతను బట్టి ఒక పలచటి అద్దం తన ఆకారాన్ని సెకనుకు ఎన్నోసార్లు మార్చుకుంటూ, గాలి చేయబోయే వంకరకు ముందే విరుగుడు వంకర పెడుతుంది. (ఈ రకం పరిశోధనలో చాలా భాగాన్ని అమెరికా సైన్యం 1991లో బయటపెట్టింది. దానివల్ల బాగా లాభపడింది సైనికుల కన్నా ఖగోళ శాస్త్రవేత్తలే.) ఇంత చేసినా 300 కిలోమీటర్ల దూరంలో, గాలే లేదనుకున్నా, ఆ కిరణం అర మీటరు దాటిన మచ్చగానే పడుతుంది. గాలి ఉంటే ఇంకా పెద్దది.

2010 ఫిబ్రవరి 11న కాలిఫోర్నియా తీరంలో వైఏఎల్-1 పైకి లేస్తున్న బాలిస్టిక్ క్షిపణిని కూల్చింది. ప్రయోగం నుంచి విధ్వంసం దాకా అంతా రెండు నిమిషాల లోపే. కానీ తీర్పు అప్పటికే వచ్చేసింది. ముందు ఏడాదే రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ రెండో విమానాన్ని రద్దు చేసి, కాంగ్రెస్ ముందు లెక్క విప్పాడు. ప్రయోగ స్థలానికి తగినంత దూరంగా ఉండి కొట్టాలంటే లేజర్ 20 నుంచి 30 రెట్లు శక్తిమంతం కావాలి. నిజంగా మోహరించాలంటే 10 నుంచి 20 విమానాలు, ఒక్కోటి 150 కోట్ల డాలర్లు, నడపడానికి ఏటా మరో 10 కోట్లు. ఉన్న శక్తితో ఇరాన్ క్షిపణిని కొట్టాలంటే ఆ 747 ఇరాన్ గగనతలంలోనే చక్కర్లు కొట్టాలి. శత్రువు రాడార్‌కు అంతకన్నా సులువైన లక్ష్యం ఏముంటుంది? 500 కోట్ల డాలర్లకు పైగా మింగిన ప్రాజెక్టు 2011 చివర్లో ఆగింది. 2012లో విమానాన్ని అరిజోనా ఎడారిలోని పాత విమానాల స్థావరానికి పంపారు, 2014లో తుక్కు చేశారు. పరీక్షలో గెలిచిందన్న మాట నిజమే. గేట్స్ ప్రశ్న మాత్రం అది పేలుతుందా లేదా అన్నది కాదు.

2009లో సీ-130 విమానం మీద ఇలాంటి రసాయన లేజర్‌నే ప్రయత్నించారు. కదులుతున్న వాహనం మడ్‌గార్డ్‌కు చిల్లు పడింది. ఫిరంగి గుండుతో అయ్యే పనికి ఇంత హంగామా అవసరమా అని అడిగినవాళ్లను తప్పుపట్టలేం.

ఆ తర్వాత రసాయనాలు పోయి కరెంటు వచ్చింది. సన్నటి గాజు పోగుల్లో కిరణం పుట్టించే ఫైబర్ లేజర్లను ఎన్నింటినో కలిపి ఒకే కిరణంగా చేయడం నేర్చుకున్నారు. విషవాయువుల బెడద పోయింది గానీ వేడి బెడద మొదలైంది. ఇచ్చిన విద్యుత్తులో సుమారు మూడో వంతే కిరణంగా మారుతుంది. 50 కిలోవాట్ల కిరణం కావాలంటే 100 కిలోవాట్ల వేడిని ఎక్కడో వదిలించుకోవాలి, అదీ ఒక పాడ్‌లోంచి. పైగా ధ్వని వేగానికి దగ్గరగా పోయే విమానం టరెట్ చుట్టూ గాలి సుడులు తిరుగుతుంది. కిరణం బయటికి అడుగు పెట్టకముందే చెదిరిపోతుంది. షీల్డ్ కోసం తయారుచేసిన నమూనా 2019లో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ పరీక్షా స్థలంలో క్షిపణులను కూల్చింది, అయితే నేల మీద నిలబడి.

ఈ మొత్తం కాలంలో విమానాల మీద లేజర్లు నిక్షేపంగా పనిచేస్తూనే ఉన్నాయి. కాకపోతే అవి దేన్నీ కాల్చవు. 1972లో వియత్నాంలోని థాన్ హోవా వంతెనను, ఏళ్ల తరబడి దాడులకు లొంగనిదాన్ని, లేజర్ గైడెడ్ బాంబులు దెబ్బతీశాయి. ఇప్పుడు ఎన్నో రవాణా విమానాల్లో వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణి కంటిని మభ్యపెట్టే చిన్న లేజర్లు ఉన్నాయి. వాటికి కిలోవాట్లు అక్కర్లేదు, బరువూ పెద్ద సమస్య కాదు. ప్రచారం కూడా లేదు.

మళ్లీ ఇప్పుడు ఆశ చిగురించడానికి కారణం డ్రోన్లు. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ ఇజ్రాయెల్ మీదికి సుమారు 170 డ్రోన్లను వదిలితే, చాలావాటిని యుద్ధవిమానాలు క్షిపణులతోనే కూల్చాయి. అలా వాడే క్షిపణుల్లో ఒక్కోటి పది లక్షల డాలర్ల దాకా ఉండేవీ ఉన్నాయి. డ్రోన్ నెమ్మదిగా వస్తుంది, దాని ఒళ్లు పలచన, కొన్ని కిలోమీటర్ల దాకా రానిచ్చి కొట్టినా చాలు. గేట్స్‌ను భయపెట్టిన దూరం ఇక్కడ లేదు. ఇజ్రాయెల్ 2021లోనే ఒక చిన్న సెస్నా విమానంలోంచి లేజర్‌తో కిలోమీటరుకు పైగా దూరంలోని డ్రోన్లను కూల్చి చూపించింది. నేల మీది లేజర్‌కు మబ్బు, పొగమంచు అడ్డం పడతాయి. విమానం వాటి పైకి వెళ్లగలదు.

షాట్‌కు కొద్ది డాలర్లే అన్న ప్రచారాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి. అది కరెంటు ఖర్చు. విమానం గంటల తరబడి గాల్లో కాపలా కాయడానికయ్యే ఖర్చు అందులో లేదు. లేజర్ ఒక్కో డ్రోన్ మీద కొన్ని సెకన్లు నిలవాలి కాబట్టి, గుంపుగా వస్తే వరుస పెట్టుకోవాల్సిందే. పై నుంచి కిందికి పేల్చినప్పుడు గురి తప్పిన కిరణం నేల మీద ఎవరి కళ్లలో పడుతుందన్న చిక్కు కూడా ఉంది. శాశ్వతంగా గుడ్డివాళ్లను చేయడానికే తయారైన లేజర్లను 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది గానీ, ఇలా పొరపాటున పడే కాంతి దాని పరిధిలోకి రాదు.

ఇవన్నీ కలిపి చూస్తే, ముందుగా పనికొచ్చేది యుద్ధవిమానం పాడ్ కాదనిపిస్తుంది. చోటు, కరెంటు, చల్లబరిచే వీలు ఉన్న రవాణా విమానం, అదీ సొంత గగనతలంలో తిరుగుతూ డ్రోన్ల కోసం కాచుకునేది, ఆ పని చేయగలదు. శత్రువు క్షిపణిని వాడి గడ్డ మీదే కాల్చేయాలన్న 1990ల కల మాత్రం ఇప్పటి లేజర్లకు కూడా అందేంత దగ్గరలో లేదు.