ఆర్మీ వేలం జిప్సీ: "పేపర్లు తర్వాత చూసుకుందాం" అన్నవాళ్లకు

వారానికి ఒక్కసారైనా ఈ ఫోన్ వస్తుంది. "అన్నా, ఆర్మీ జిప్సీ ఒకటి దొరికింది. మూడున్నర లక్షలే. కండిషన్ మాత్రం సూపర్. పేపర్లు మనమే చేయించుకోవాలంట." ఆ చివరి ముక్క ఎప్పుడూ మెల్లగా వస్తుంది, సీటు కవర్లు మార్చుకోవాలన్నంత తేలిగ్గా. బోయిన్‌పల్లిలో షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. మారుతీ జిప్సీలు, పాత మహీంద్రా జీపులు, ఎప్పుడన్నా జోంగా అనే ఒక పాత ఆర్మీ బండి, ఇవే నా బతుకుతెరువు. ఇంజన్ పోయి నష్టపోయినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కకొస్తారు. ఆ చివరి ముక్క నమ్మి మునిగినవాళ్లకు లెక్క లేదు. అందుకని ముందు దాని సంగతే.

అపోహ: ఆర్మీ బండికి పేపర్లు తర్వాత చేయించుకోవచ్చు.

ఆర్మీలో ఉన్నంతకాలం ఆ బండికి మనకున్నట్టు ఆర్సీ ఉండదు. పైకి చూసే బాణం గుర్తుతో మొదలయ్యే ఆ నంబరు రక్షణ శాఖ సొంత రిజిస్ట్రేషన్. 1988 మోటారు వాహనాల చట్టంలో 60వ సెక్షన్ దీనికోసమే ఉంది. బండి కేంద్ర ప్రభుత్వం చేతిలోంచి బయటపడగానే 39, 40 సెక్షన్లు వర్తిస్తాయని కూడా అందులోనే రాశారు. అంటే అందరి బండ్లలాగే ఆర్టీఏలో రిజిస్టర్ చేయించాలి, చేయించేదాకా రోడ్డెక్కించకూడదు. కాబట్టి దారి లేదని కాదు, ఉంది. అయితే ఆ దారి వేలంలో పాడినవాడి దగ్గర మొదలవుతుంది, మీ దగ్గర కాదు.

ప్రభుత్వ సామాను వేలాలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పోర్టల్‌లో జరుగుతాయి. ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటి నుంచే తీసుకెళ్లాలన్నది షరతు. లాట్లు లాట్లుగా పాడేది ఎవరనుకున్నారు, మీలాంటి జిప్సీ పిచ్చోళ్లు కాదు, తుక్కు వ్యాపారులు. వాళ్లకు కావాల్సింది ఇనుము. అమ్మకం కాగితం, డెలివరీ ఆర్డరు, గేట్ పాస్ వాళ్ల పేరు మీదే ఉంటాయి. అక్కడి నుంచి రెండో చేయి, మూడో చేయి. మీ దాకా వచ్చేసరికి మిగిలేది ఒక జిరాక్సు, వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒప్పందం. "నోటరీ కూడా చేయించామన్నా" అంటారు. నాయనా, నోటరీ ముద్ర ఆర్సీ కాదు.

మీరు కొనేముందు అడగాల్సింది ఇది: వేలంలో పాడినవాడి పేరు నుంచి మీకు అమ్మేవాడి పేరు దాకా ఒరిజినల్ కాగితాలు తెగకుండా ఉన్నాయా? ప్రతి కాగితంలోనూ చాసిస్, ఇంజన్ నంబర్లు ఉన్నాయా? వేలం షరతుల్లో ఆ లాట్ తుక్కు కింద అమ్మారా, బండి కింద అమ్మారా? తుక్కు కింద అమ్మిన బండిని ఏ ఏజెంటూ బతికించలేడు. "నాకు ఆర్టీఏలో మనిషి ఉన్నాడు" అనేవాడి చేతిలో డబ్బులు పెట్టే ముందు, రిజిస్ట్రేషన్ అయ్యాకే మిగతా సగం ఇస్తానని ఒక్కసారి అని చూడండి. ఫోన్ ఎంత తొందరగా పెట్టేస్తాడో తెలుస్తుంది.

పోలీసు జిప్సీ అయితే ఫర్వాలేదా అని ఇంకొందరు అడుగుతారు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ అక్కడితో ముగిసినట్టే, అవి గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి పోవాల్సిందే. రక్షణకు, శాంతిభద్రతలకు వాడే సాయుధ, ప్రత్యేక వాహనాలకే మినహాయింపు. ఎస్సై గారు తిరిగిన పెట్రోలింగ్ జిప్సీ ఆ లెక్కలోకి రాదు.

ఇక అసలు భయపడాల్సింది పేపర్లు లేని బండిని చూసి కాదు, పేపర్లు మరీ బాగున్న బండిని చూసి.

పోయిన వానాకాలం గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు ఉత్తరాది నుంచి తెప్పించిన జిప్సీని లారీలోంచి సరాసరి నా షెడ్డు ముందే దించాడు. వెంట వాళ్ల నాన్న, రిటైరైన టీచరు. ఆర్సీ ఉంది, బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీఏ ఇచ్చే ఎన్‌ఓసీ ఉంది. 1998లో ఎవరో మామూలు మనిషి పేరు మీద రిజిస్టరైన బండి. "చూశావా అన్నా, అన్నీ క్లియర్" అన్నాడు కుర్రాడు. నేను అలవాటు కొద్దీ బండి కిందికి దూరాను. వెనక డిఫరెన్షియల్ మీద పాత తెల్లరంగు, పైన చిన్న బల్బు బిగించిన క్లాంపు. రాత్రిపూట లైట్లన్నీ ఆర్పేసి కాన్వాయ్‌గా వెళ్లేటప్పుడు వెనక డ్రైవరు ఆ తెల్ల మచ్చను చూసుకుంటూ రావాలని ఆర్మీ బండ్లకు పెట్టే ఏర్పాటు అది. మామూలు మనిషి జిప్సీకి అది ఎందుకుంటుంది?

చాసిస్ నంబరు దగ్గర థిన్నర్ గుడ్డతో తుడిచాను. నల్ల పెయింటు పోయింది, దాని కింద పుట్టీ. సన్న ఎమరీ పేపరుతో రుద్ది, టార్చిని ఎదురుగా కాకుండా పక్కనుంచి పడేలా పట్టుకున్నాను. నంబరు చుట్టూ జానెడు పొడవున సన్నటి గీత తేలింది. వెల్డింగ్ చేసి, గ్రైండరుతో నున్నగా కొట్టి, పైన పూత వేశారు. ఎక్కడో చచ్చిపోయిన జిప్సీ ఫ్రేమ్ నుంచి నంబరు ముక్క కోసి, వేలం బండికి అతికించారన్నమాట. ఆర్సీ అసలుదే. బండే దానిది కాదు.

అంకెల వరకే పెన్సిల్ ప్రింట్ తీస్తే ఇది దొరకదు. అందుకని కాగితం పెద్దది పెట్టి, అంకెలకు నాలుగు వేళ్లు అటూ ఇటూ కూడా రుద్దండి. అతుకు ఉంటే దాని అంచు కాగితం మీద పడుతుంది. అయస్కాంతం పట్టుకెళ్లినా మంచిదే, మందంగా పుట్టీ ఉన్నచోట అది పట్టదు. ఎన్‌ఓసీ ఇచ్చిన ఆఫీసుకు మీరే ఫోన్ చేయండి, అమ్మేవాడు ఇచ్చిన నంబరుకు కాదు.

ఆ పెద్దాయన టైరు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి, "మావాడిని పోలీసులు పట్టుకెళ్తారా నాయనా?" అన్నారు. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి సెక్షన్లు చెప్పి లాభం లేదు. నేను చెప్పింది ఒకటే: తెలియక కొన్నవాడు దొంగ కాడు, తెలిశాక దాచి ఇంకొకడికి అంటగడితే అవుతాడు. బండిని కదపొద్దు, పార్టులుగా విప్పి అమ్మొద్దు, డబ్బు పంపిన రసీదులు, మెసేజీలు అన్నీ పట్టుకుని ముందు లాయరు దగ్గరికి, అక్కడి నుంచి స్టేషన్‌కు వెళ్లండి. దాన్ని అలాగే నడిపి ఎవరికన్నా తగిలిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది, నష్టపరిహారం ఇంటి మీదికొస్తుంది.

నేనేదో తెలివైనవాడినని చెప్పడం లేదు. 2010లో నేనూ ఇలాగే ఒక జోంగా కొన్నాను. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ వాళ్ల ‘పాట్రోల్’ జీపు డిజైన్ మీద తయారైన బండి, ఆరు సిలిండర్లు, దాదాపు నాలుగు లీటర్ల పెట్రోల్ ఇంజను. స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. కాగితాలు మూడో చేతి జిరాక్సులు. "చేయించుకుందాంలే" అనుకున్నాను, రోజూ అదే మాట విని నవ్వే నేను. నాలుగేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి, టార్పాలిన్ కింద ఎలుకలు వైరింగ్ తినేశాక, కిలోల లెక్కన అమ్మేశాను. మా ఆవిడ ఇప్పటికీ ఇనుప సామానువాడి కేక వినిపిస్తే నావైపు చూస్తుంది. కాబట్టి మిమ్మల్ని తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడతాను.

నేను వినే మిగతా మాటల సంగతి గబగబా చెప్పేస్తాను.

"ఆర్మీవాళ్లు బండిని కన్నబిడ్డలా చూసుకుంటారు." సర్వీసులో ఉన్నంతకాలం నిజమే. కానీ పనికిరాదనుకున్నాకే కదా వేలానికి పెట్టేది. ఆ తర్వాత రెండు మూడు వానాకాలాలు ఆరుబయట యార్డులో తడుస్తుంది. జిప్సీలో కాళ్లు పెట్టుకునే ఫ్లోరు, వెనక చక్రాల పై రేకు, స్ప్రింగు పట్టీలు ఫ్రేమ్‌కు బిగించే చోటు స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. లోపలికి దిగితే లేచి ఇంటికి రండి. స్టీరింగ్ వణుకుతుంటే కింగ్ పిన్ బేరింగులు చూడాలి, అది పెద్ద ఖర్చు కాదు. తుప్పే ఖర్చు.

"స్పేర్లు దొరకవు." వట్టిమాట. 1985 చివర్లో వచ్చిన తొలి 970 సీసీ జిప్సీకి కొంచెం వెతకాలి గానీ, 1996 తర్వాతి 1.3 లీటర్ల జిప్సీ కింగ్‌కు మారుతీ ఎస్టీమ్ కారు ఇంజను కుటుంబమే. పుత్లీబౌలి, రాణిగంజ్ రెండు రౌండ్లు కొడితే సగం సామాను దొరుకుతుంది.

"15 ఏళ్లు దాటితే హైదరాబాద్‌లో నడపనివ్వరు." అది ఢిల్లీ గొడవ. మన దగ్గర సొంత బండి ఫిట్‌నెస్ పాసై, గ్రీన్ ట్యాక్స్ కడితే ఐదేళ్లకోసారి రెన్యువల్ అవుతుంది. ఫీజు మాత్రం పెరిగింది: కార్లు, జీపులకు 2022 ఏప్రిల్ నుంచి 5,000, 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టు నుంచి 10,000.

"జవానుకు ట్రాన్స్‌ఫర్ అయింది, చవగ్గా ఇచ్చేస్తున్నాడు." యూనిఫాం ఫొటో, ఆర్మీ క్యాంటీన్ కార్డు ఫొటో పంపి, బండి ఆర్మీ ట్రాన్స్‌పోర్టులో వస్తుంది, ముందు డెలివరీ ఛార్జీలు వేయండి అంటే అది మోసం. ఇంకేం ఆలోచించొద్దు. క్యాంటీన్ ద్వారా కొన్న బండి వేరే సంగతి. అది ఆ ఫౌజీ సొంత బండి, మామూలు ఆర్సీ ఉంటుంది. తిరుమలగిరి వైపు రిటైరైన సుబేదార్ల దగ్గర అలాంటి జిప్సీలు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవచ్చు.

"మా తాత కాలం నాటి ఒరిజినల్ 1942 విల్లీస్." పదిలో తొమ్మిది బోనెట్ ఎత్తుగా ఉండే మహీంద్రా సీజే3బీలు. రెండో ప్రపంచ యుద్ధకాలం విల్లీస్ జీపుకు వెనక తలుపు ఉండదు, ముందు గ్రిల్‌కు తొమ్మిది నిలువు సందులు, హెడ్‌లైటును వెనక్కి తిప్పి ఇంజను మీద వెలుతురు వేసుకోవచ్చు. నిజంగా 50 ఏళ్లు దాటి, రూపం చెడకుండా ఉంటే 2021 నిబంధనల కింద 20,000 కట్టి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. కానీ దానిమీద రోజూ ఆఫీసుకు పోవడం కుదరదు.

ఆ గచ్చిబౌలి కుర్రాడు కేసు పెట్టాడు, అది నడుస్తోంది. ఈ సంక్రాంతికి ముందు శుభ్రమైన ఆర్సీ ఉన్న 2011 తెల్ల జిప్సీ ఒకటి కొన్నాడు, నేనే వెళ్లి కింద పడుకుని చూసి సరే అన్నాను. మొన్న ఆదివారం తండ్రీకొడుకులిద్దరూ దానిలో వచ్చారు. చాయ్ తాగాక కుర్రాడు నసుగుతూ, "అన్నా, దీనికి ఆలివ్ గ్రీన్ కొట్టిద్దామా, ఆర్మీ లుక్ వస్తుంది" అన్నాడు. రక్షణ శాఖ బండ్లకు తప్ప ఆ రంగు వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతోంది. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన గ్లాసు కింద పెట్టి, "తెలుపే ఉండనీరా" అన్నారు.