గుల్ల అంటని పూత

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. గోదావరి పాయల్లో బోట్లు ఒడ్డెక్కి, అడుగు గీకించుకుని రంగు వేయించుకునేది అప్పుడే. గీకితే రాలేవాటిలో బార్నకిల్ గుల్లలుంటాయి. చూపుకి నత్తల్లా ఉంటాయి గానీ, ఇవి రొయ్యలకీ పీతలకీ చుట్టాలు.

అతుక్కోబోయే పిల్ల అరమిల్లీమీటరు. ఆ దశలో మేత ముట్టదు, చోటు వెతకడమే పని. రెండు మీసాల మీద నడుస్తూ బోటు అడుగంతా తడుముతుంది. ఆనించిన చోటల్లా ప్రోటీను మరక వదులుతుంది, ఆ మరక వెనకొచ్చే పిల్లల్ని పిలుస్తుంది. చోటు నచ్చిందా, సిమెంటు కారుస్తుంది. ఇక ఉలి పట్టాల్సిందే.

ఒకప్పుడు గుల్లలు అంటకుండా ట్రైబ్యూటైల్ టిన్ అనే తగరపు విషం కలిపిన రంగులు వాడేవారు. ఆ విషానికి ఆడనత్తలకు మగ అవయవాలు మొలిచాయి. దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2008 సెప్టెంబరు 17న అమల్లోకొచ్చింది. ఇప్పుడు రాగి ఆక్సైడుదే రాజ్యం. అదీ విషమే. చంపకుండా, కూర్చోనివ్వకుండా తరిమే పదార్థాలు కావాలి. ఆస్ట్రేలియా తీరపు ఎర్రనాచు డెలిసియా పుల్క్రాలోని ఫ్యూరనోన్లనే రసాయనాలు అలాంటివే, బాక్టీరియా సంకేతాలను చెడగొడతాయి. ప్రయోగశాలలో ఒప్పుకునే కొలత ఇది: మిల్లీలీటరుకు 25 మైక్రోగ్రాముల లోపే సగం పిల్లల్ని ఆపాలి, చంపే మోతాదు ఆపే మోతాదుకి 15 రెట్లు మించాలి.

గాజుగిన్నెలో గెలిచినవి రంగులో కలిపేసరికి తేలిపోతాయి. నీళ్లలో తేలిగ్గా కరిగేదైతే కొద్దిరోజుల్లోనే ఊరిపోతుంది, గట్టి రంగులో చిక్కుకుంటే బయటికే రాదు. అందుకే పైన్ బంక నుంచి తీసే రోజిన్ కలుపుతారు. కొంచెం క్షారగుణమున్న ఉప్పునీళ్లలో అది పైపొరగా కరుగుతూ లోపలి మందును వదులుతుంది.

మన పాయల్లో పరీక్షించాలంటే 15×10 సెంటీమీటర్ల పలకలు మూడు రకాలు, రకానికి మూడేసి చొప్పున కావాలి: ఉత్తది, మందు లేని రంగుది, మందు కలిపినది. చాలామంది రెండోది ఎగ్గొడతారు. అప్పుడు రోజిన్ చేసిన పని మందు ఖాతాలో పడుతుంది. పలకల్ని రేవు స్తంభానికి కట్టొద్దు, పాటులో నీళ్లు దిగితే గాలికి బయటపడతాయి. తేలే డ్రమ్ముకి ముప్పావు మీటరు కింద వేలాడదీసి, పదిహేను రోజులకోసారి గుల్లలు లెక్కపెట్టాలి.

పరీక్ష జనవరి నుంచి మే లోపే ముగించాలి. వరదొచ్చి పాయంతా మంచినీరైతే ఉప్పునీటి గుల్లలు వాటంతటవే చస్తాయి, ఉత్త పలక కూడా శుభ్రంగానే బయటికొస్తుంది.