యాప్ డిజైన్ మన చేత ఏం చేయిస్తుంది: అపోహలు - వాస్తవాలు

మాదాపూర్‌లో యాప్ స్క్రీన్లు డిజైన్ చేయడమే నా పని. ఏ బటన్ ఎక్కడుండాలి, ఏ రంగులో ఉండాలి, దాని మీద ఏ మాట రాయాలి అని రోజంతా కొట్టుకుంటాం. అందుకే యాప్‌ల గురించి జనం అనే ఈ కింది మాటలు వింటే ఊరుకోబుద్ధి కాదు.

అపోహ: చూసుకోకుండా నొక్కితే తప్పు మనదే.

వాస్తవం: మా పెద్దమ్మ దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఫోన్ చేసి "కరీంనగర్ బస్సుకి టికెట్ తీస్తే ఇన్సూరెన్స్ పైసలు గూడ పోయినయ్ బిడ్డా, నేనైతే ఏం నొక్కలే" అంది. ఆదివారం వెళ్లి నా ముందే ఇంకోసారి బుక్ చేయమన్నా. కళ్లజోడు పెట్టుకుని ప్రతి లైనూ చదివింది, కానీ ఇన్సూరెన్స్ టిక్ ముందే పెట్టేసి ఉంది, అది కూడా పే బటన్ కింద, స్క్రోల్ చేస్తే తప్ప కనపడని చోట. నేను చూపిస్తే తీయబోయింది, వెంటనే ఒక బాక్స్ వచ్చింది: పెద్ద నారింజ బటన్ మీద "అవును, నా ప్రయాణం క్షేమంగా జరగాలి", దాని కింద సన్నటి బూడిద రంగులో "వద్దు, ఏమైనా పర్వాలేదు". పెద్దమ్మ వేలు అక్కడిదాకా పోయి ఆగిపోయింది. "ప్రయాణం ముంగట గిట్ల అంటే అశుభం గదా" అంది. ఆ వాక్యం రాసినోళ్లకి కావాల్సింది సరిగ్గా ఆ భయమే. మా ఫీల్డ్‌లో అడక్కుండా ఇన్సూరెన్స్ టిక్ పెట్టేయడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటాం, వద్దనడానికే జంకేలా రాసే ఆ వాక్యాన్ని కన్ఫర్మ్ షేమింగ్ అంటాం. ఇందులో పెద్దమ్మ తప్పేముంది చెప్పండి?

అపోహ: ఒక్క టిక్ ముందే పెట్టి ఉంటే ఏమైతది, తీసేసుకోవచ్చుగా.

వాస్తవం: తీసేవాళ్లు చాలా తక్కువ. 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు అవయవదానం లెక్కలు చూపించారు. జర్మనీలో ఇష్టమైనవాళ్లు తమంతట తాము పేరు ఇవ్వాలి, అక్కడ ఒప్పుకున్నవాళ్లు 12 శాతం. పక్కనే ఆస్ట్రియాలో వద్దని చెప్పకపోతే ఒప్పుకున్నట్టే లెక్క, అక్కడ 99.98 శాతం. (ఇది ఒప్పుకోలు లెక్క మాత్రమే, నిజంగా జరిగిన దానాలది కాదు.) పక్కపక్క దేశాల మనుషులకి మనసులో అంత తేడా ఉంటుందా?

అపోహ: వీటికి మన దగ్గర రూల్సే లేవు.

వాస్తవం: ఉన్నాయి. ఇలా మనల్ని బోల్తా కొట్టించే డిజైన్లకి డార్క్ ప్యాటర్న్స్ అనే పేరు 2010లో హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైనర్ పెట్టాడు. 2023 నవంబర్ 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 13 రకాల డార్క్ ప్యాటర్న్స్‌ని లిస్టు చేసి మార్గదర్శకాలు ఇచ్చింది. పైన చెప్పిన రెండూ అందులో ఉన్నాయి, అబద్ధపు "2 మాత్రమే మిగిలాయి" కూడా ఉంది. కంప్లైంట్‌కి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, అంతకుముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, పేజీ రేపటికి మారిపోవచ్చు.

అపోహ: ఇలా చేయకపోతే బిజినెస్ నడవదు.

వాస్తవం: ఈ మాట మీటింగుల్లో చాలాసార్లు విన్నా, నాకైతే అస్సలు నచ్చదు. ఆ నెల గ్రాఫ్ పైకి పోతుంది నిజమే, కానీ తర్వాత రిఫండ్ అడిగేవాళ్లు, కస్టమర్ కేర్ కాల్స్, యాప్ పీకేసినవాళ్లు ఆ గ్రాఫ్‌లో కనపడరు. మా పెద్దమ్మ అయితే ఆ యాప్ ఆ రోజే తీసేయించింది, ఇప్పుడు టికెట్ కోసం నేరుగా ఎంజీబీఎస్ బస్టాండుకే పోతోంది.