ఒంగోలులో ఇంకో కాపీ

చేతి రుమాలులో చుట్టి తెచ్చాడు దాన్ని. కావలిలో ఫొటో స్టూడియో నడుపుకునే కుర్రాడు. నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే మా కొట్టుకు పొద్దున్నే వచ్చి, రుమాలు విప్పి బల్ల మీద పెట్టాడు. రెండు టెరాబైట్ల ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్.

"అన్నా, నిన్న సాయంత్రం దాకా బాగానే ఉండింది. ఆల్బమ్ డిజైన్ చేస్తా ఉంటే వైరు కాలికి తగిలి కింద పడింది. మళ్లీ పెడితే టిక్కు టిక్కు అంటా ఉంది, ఓపెన్ కాలా."

"ఎన్నిసార్లు పెట్టి చూశావు అబ్బయా?"

"రాత్రంతా పెడతానే ఉన్నానన్నా."

నన్ను భయపెట్టింది ఆ చివరి మాట. కింద పడ్డప్పుడు జరిగిన నష్టం కన్నా ఆ రాత్రి జరిగిన నష్టమే ఎక్కువై ఉండొచ్చు. ఎందుకలా అంటున్నానో తెలియాలంటే ఆ డబ్బా లోపల ఏం తిరుగుతోందో తెలియాలి.

లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి. గాజుతోనో అల్యూమినియంతోనో చేసిన ఈ పళ్లేల మీద చాలా పలచని అయస్కాంత పూత ఉంటుంది. మన ఫొటోలన్నీ ఆ పూతలో ఇటో అటో తిరిగిన బుల్లి బుల్లి అయస్కాంతాలే. జేబులో పట్టే డిస్కులో పళ్లెం సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 90 చుట్లు. లెక్క కడితే పళ్లెం అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నట్టు. హైవే మీద ఆర్టీసీ బస్సు వేగమది. ఆ వేగానికి పుట్టే గాలి పొర మీద తేలుతూ, పళ్లేన్ని తాకకుండా, చదివే హెడ్ ఎగురుతూ ఉంటుంది. ఎంత ఎత్తులో? కొన్ని నానోమీటర్లు. తల వెంట్రుకను నిలువునా పదివేల పొరలుగా చీల్చగలిగితే, ఒక్క పొర మందమంత ఎడం కూడా ఉండదు.

ఇంత సున్నితమైన యంత్రం మన బల్లల మీద ఏళ్ల తరబడి పనిచేయడమే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. 1956లో ఐబీఎం తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్ యంత్రంలో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు. ఈ కుర్రాడి కెమెరాలో, కెమెరా పట్టిందంతా ఉన్నది ఉన్నట్టు దాచే రా (RAW) ఫొటో ఒక్కటి 25 మెగాబైట్లు ఉంటే, దాన్ని దాచడానికి అలాంటి యంత్రాలు అయిదుకు పైనే కావాలి. అయస్కాంత క్షేత్రంలోని చిన్న తేడా కూడా విద్యుత్ నిరోధాన్ని బాగా మార్చే ఒక గుణాన్ని 1988లో ఆల్బెర్ట్ ఫెర్, పీటర్ గ్రూన్‌బెర్గ్ వేరువేరుగా కనుక్కున్నారు. దాంతో హెడ్లు ఇంకా చిన్న అయస్కాంతాలను చదవగలిగాయి, డిస్కుల్లో పట్టే సమాచారం ఒక్కసారిగా పెరిగింది. ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది.

మళ్లీ మన డిస్కు దగ్గరికి వద్దాం. కరెంటు ఆగితే హెడ్ పళ్లెం మీద నుంచి పక్కకు జరిగి తన మెట్టు మీద కూర్చుంటుంది. తిరుగుతూ ఉండగా కింద పడితే ఆ వ్యవధి దొరక్కపోవచ్చు. హెడ్ పళ్లేన్ని కొట్టుకుంటుంది, పూత గీసుకుపోతుంది. ఆ టిక్కు టిక్కు శబ్దం అప్పుడు వస్తుంది. పళ్లెం మీద ఎక్కడ ఉన్నానో తెలుసుకోవడానికి హెడ్‌కు కొన్ని గుర్తులు రాసి ఉంటాయి. అవి చదవలేక వెనక్కి వస్తుంది, మళ్లీ వెళుతుంది, మళ్లీ వస్తుంది. దెబ్బతిన్న హెడ్‌తో అలా తిప్పిన ప్రతిసారీ గీత లోతవుతుంది. రాలిన పొడి లోపలే తిరుగుతూ కొత్త గీతలు పెడుతుంది. అందుకే రాత్రంతా పెట్టి చూడటం అంత ప్రమాదం. టిక్కు మంటే తీసేయాలి. ఇంకోసారి చూద్దామనే ఆశకు అక్కడ చోటు లేదు.

అన్ని జబ్బులూ ఇలాంటివి కావు. లైటూ లేదు, శబ్దమూ లేదంటే ముందు వైరు మార్చాలి, వేరే పోర్టులో పెట్టాలి. దానితోనే బాగైనవి నా దగ్గరికి చాలా వచ్చాయి. అప్పటికీ రాకపోతే డిస్కుకున్న సర్క్యూట్ బోర్డు పోయి ఉండొచ్చు. కొన్ని పోర్టబుల్ డిస్కుల్లో మనం పాస్‌వర్డ్ పెట్టకపోయినా ఆ బోర్డే సమాచారాన్నంతా సంకేత భాషలోకి మార్చి రాస్తుంది. కాబట్టి పాత బోర్డును పారేయకూడదు, అది లేకుండా పళ్లేల్లో ఉన్నది అర్థం కాకపోవచ్చు. సన్నగా బీప్ మంటూ తిరగలేకపోతుంటే హెడ్ పళ్లేనికి అంటుకుపోయిందో, మోటారు బిగుసుకుపోయిందో అని అనుమానించాలి. శుభ్రంగా తిరుగుతూ, ఒక ఫోల్డర్ దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరంతా బిగుసుకుపోతుంటే సెక్టార్లు, అంటే పళ్లెం మీద సమాచారం రాసే చిన్న చిన్న గళ్లు, చెడుతున్నట్టు.

ఆ చివరి రకం కనిపెట్టడానికి డిస్కులోనే ఒక డైరీ ఉంటుంది. స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము దాన్ని చూపిస్తుంది. అందులో 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి. చెడిపోయి పక్కన పెట్టిన సెక్టార్లు, చదవలేక ఆగిన సెక్టార్ల లెక్క అది. సున్నా దాటి వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కును ఇక నమ్మకూడదు. 199 పెరిగితే మాత్రం అది చాలాసార్లు వైరు తప్పు. అయితే స్మార్ట్ బాగుందని చూపించిన మర్నాడే పోయిన డిస్కులనూ చూశాను.

ఇలాంటప్పుడు విండోస్ "ఫార్మాట్ చేయమంటారా?" అని అడుగుతుంది. వద్దనండి. చెక్‌డిస్క్ నడపమని ఎవరైనా సలహా ఇస్తే అది కూడా ఇప్పుడే వద్దు. అది ఫైళ్ల పట్టికను సరిచేసే పనిముట్టు, సరిచేసే పేరుతో చావు బతుకుల్లో ఉన్న డిస్కు మీద రాతలు మొదలుపెడుతుంది. ముందు డిస్కు మొత్తాన్ని ఉన్నది ఉన్నట్టు ఇంకో దాని మీదికి ఎత్తాలి. నేను వాడేది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. అది పని చేసే తీరు మన రైతుకు కొత్తగా ఉండదు. తుఫాను వస్తోందంటే ఆరిన మళ్లు ముందు కోసేస్తాం, బురద మడిని చివరికి వదులుతాం. ఈ ప్రోగ్రాము కూడా సులువుగా వచ్చే చోట్లన్నీ ముందు కాపీ చేసుకుని, మొండికేసే చోట్లను ఒక పటంలో గుర్తుపెట్టుకుని చివరికి వస్తుంది. ఫైళ్లు వెతికే పని ఆ కాపీ మీద చేయాలి, అసలు మీద కాదు.

ఫ్రిజ్‌లో పెడితే వస్తుందని ఇప్పటికీ కొందరు అంటారు. మనది సముద్రపు గాలి తగిలే ఊరు. చల్లబడిన డిస్కును బయటికి తీయగానే చెమ్మ పడుతుంది. బియ్యంలో పాతిపెట్టినా ఫలితం లేదు. మూత విప్పడం అన్నిటికన్నా ఘోరం. హెడ్‌కూ పళ్లేనికీ ఉన్న ఎడం గుర్తుచేసుకోండి, మన గదిలోని దుమ్ము కణం దాని ముందు కొండరాయి. హెడ్లు మార్చే పని చెన్నైలోనో హైదరాబాదులోనో దుమ్ము లేని గదులున్న ల్యాబుల్లో చేస్తారు. ఖర్చు వేలల్లో ఉంటుంది, వస్తుందన్న హామీ ఉండదు.

ఇదంతా ఆ కుర్రాడికి చెప్పి, "బ్యాకప్ ఉందా?" అని అడిగాను.

"ఇదే బ్యాకప్ అన్నా" అన్నాడు.

ల్యాప్‌టాప్ నిండిపోయిందని పెళ్లి ఫొటోలన్నీ కట్ చేసి ఇందులో పేస్ట్ చేశాడు. కెమెరా కార్డులు తర్వాతి పెళ్లికి ఫార్మాట్ చేశాడు. ఈ మాట నేను నెలకు నాలుగైదు సార్లు వింటాను, విన్న ప్రతిసారీ కడుపులో దేవినట్టవుతుంది. బయటి డిస్కులో ఉంది కాబట్టి బ్యాకప్ అయిపోదు. ఒక్కచోటే ఉంటే అదే అసలు, దానికి కాపీ లేదు.

ఈ సంగతి మన నెల్లూరికి ఎప్పటి నుంచో తెలుసు. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. మన ఉక్కకు, పురుగుకు తాటాకు ఎంతకాలం ఆగుతుంది? ఆ పద్యాలు మన దాకా వచ్చాయంటే గట్టి తాటాకు మీద రాసినందుకు కాదు. ఒక ప్రతి శిథిలమయ్యే లోపు ఇంకొకరు ఇంకో ఊళ్లో ఎత్తి రాసుకున్నందుకు వచ్చాయి. ఫొటోగ్రాఫర్ల లోకంలో పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 పద్ధతి కూడా చెప్పేదదే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట.

ఆ "వేరే చోట" నాకు 2021 నవంబరులో అర్థమైంది. సోమశిల జలాశయం నుంచి వదిలిన నీళ్లతో పెన్న పొంగింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే మీద రాకపోకలు ఆగిపోయాయి. నీళ్లు తగ్గాక కొట్టుకు వచ్చినవాళ్లలో ఒకాయన రెండు డిస్కులు తెచ్చాడు. పద్ధతిగా రెండు కాపీలు పెట్టుకున్నాడు. రెండూ ఒకే బీరువాలో, ఒకే కింది అరలో. బురద రెండింటికీ సమానంగా పట్టింది.

అప్పటి నుంచి నా మూడో కాపీ ఒంగోలులో మా అక్క ఇంట్లో ఉంటుంది. దాదాపు 120 కిలోమీటర్లు, పెన్న అక్కడికి రాదు. సంక్రాంతికి ఒకటి తీసుకెళ్లి ఇస్తాను, పాతది తెచ్చుకుంటాను. దసరాకు మళ్లీ మారుస్తాను. క్లౌడ్ ఉందిగా అంటారు కొందరు. ఉంది, వాడుతున్నాను కూడా. కానీ ఒక టెరాబైట్‌ను సెకనుకు 20 మెగాబిట్ల అప్‌లోడ్ వేగంతో పంపితే నాలుగున్నర రోజులకు పైగా ఆగకుండా పోవాలి. అదే డిస్కు సంచిలో వేసుకుని మూడు గంటల్లో బస్సు దిగితే, సెకనుకు 740 మెగాబిట్లు పంపినట్టు. కాబట్టి పెద్ద మూట బస్సులో, రోజువారీ కొత్తవి నెట్‌లో పంపడం మాలాంటి వాళ్లకు కుదిరే పద్ధతి.

క్లౌడ్‌లో సింక్ (రెండు చోట్లా ఎప్పుడూ ఒకేలా ఉంచే ఏర్పాటు) పెట్టుకుని అదే బ్యాకప్ అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇక్కడ పొరపాటున తుడిచేస్తే అక్కడా తుడిచిపోతుంది. తుడిచినవాటిని, పాత రూపాలను కొన్నాళ్లు దాచే ఏర్పాటు ఉందో లేదో చూసుకోవాలి. డిస్కును రోజంతా కంప్యూటరుకు తగిలించి ఉంచడమూ మంచిది కాదు. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు తగిలించి ఉన్న డిస్కుల్లోని ఫైళ్లకూ తాళాలు పడ్డాయి. కాపీ అవగానే తీసి లోపల పెట్టండి. తిరిగే పళ్లేలు లేని ఎస్‌ఎస్‌డీ అయితే కింద పడినా తట్టుకుంటుంది గానీ, విద్యుదావేశం రూపంలో దాస్తుంది కాబట్టి ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా బీరువాలో పడేయకూడదు.

కాపీ తీశాక సరిచూడటం గురించి ఎవరూ మాట్లాడరు. తాళపత్రాలు ఎత్తి రాసేటప్పుడు ఒక అక్షరం తప్పితే ఆ తప్పు తర్వాతి ప్రతులన్నిటికీ పాకేది, పాఠభేదాలు అలా పుట్టాయి. మనకు ఆ బెడద లేకుండా చేసుకోవచ్చు. మొలగొలుకుల ధాన్యం బస్తాలు లారీకి ఎక్కించేటప్పుడు లెక్కపెట్టి, దించాక మళ్లీ లెక్కపెట్టినట్టు, ఫైలుకూ ఒక లెక్క ఉంది. చెక్‌సమ్ అంటారు. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తుల వరుస ఒకటి వస్తుంది. ఫైలులో ఒక్క బిట్ మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. ఇక్కడి వరుస, అక్కడి వరుస ఒకటైతే ప్రతి సరిగా ఉన్నట్టే. అంత ఓపిక లేకపోతే కనీసం నెలకోసారి కాపీలో నుంచి నాలుగు ఫొటోలు, ఒక వీడియో తెరిచి చివరిదాకా చూడండి.

కావలి కుర్రాడి డిస్కును చెన్నై పంపించాం. పద్దెనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లో అతను ఫోన్ చేసినప్పుడల్లా పెళ్లికూతురి నాన్న మళ్లీ అడిగాడన్నా అనేవాడు. రిసెప్షన్ ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. తలంబ్రాల దగ్గర నుంచి అప్పగింతల దాకా ఉన్న ఫోల్డర్ గీత పడ్డ చోట ఉండిపోయింది. పెళ్లికూతురి తమ్ముడికి ఆ రాత్రే వాట్సాప్‌లో పంపిన పదకొండు ఫొటోలు దొరికాయి. వాట్సాప్ కుదించిన సైజులోవి. ఆల్బమ్‌లో అరపేజీకి సరిపోయాయి.

అతని కెమెరాకు రెండు కార్డులు పెట్టే చోటు మొదటి నుంచీ ఉంది. మొదటిది నిండితే రెండో దానికి వెళ్లేలా పెట్టుకున్నాడు. సెట్టింగు మార్చి, ప్రతి ఫొటో రెండింటి మీదా పడేలా నా ముందే పెట్టించాను. ఇప్పుడు అతని దగ్గర ఇరవై కార్డులున్నాయి, ఒక్కో దాని మీద పెళ్లి తేదీ రాసిన కాగితం ముక్క అతికించి ఉంటుంది. ఆల్బమ్ వాళ్ల చేతికిచ్చి, మూడు కాపీలూ తెరిచి చూసుకున్నాకే ఆ కాగితం పీకుతాడు.