ముందు కొలత, తర్వాతే స్పానర్

పిల్లలూ,

అంటార్కిటికాలో మనుషులే లేని చోట వాతావరణ కేంద్రం ఎలా నడుస్తుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అని అడిగారు కదా. కొన్నేళ్లు ఆ పని చేశాను కాబట్టి చెప్తాను, కానీ సాహసగాథలు మాత్రం ఆశించకండి, అందులో సగం పారతో మంచు తవ్వడమే.

చూడ్డానికి అదేమంత గొప్పగా ఉండదు. సన్నటి లోహపు స్తంభం, అది పడిపోకుండా బిగించి కట్టిన తీగలు, పైన గాలి వేగం కొలిచే చిన్న పంకా, ఒక సోలార్ ప్యానెల్, కొలతలు దాచి శాటిలైట్‌కి పంపే ఒక పెట్టె, అంతే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 1980 నుంచి ఇలాంటివి అక్కడ నడుపుతున్నారు. పాదరసం మైనస్ 39 డిగ్రీల దగ్గరే గడ్డకట్టిపోతుంది కాబట్టి మామూలు థర్మామీటర్ పనికిరాదు, ప్లాటినం తీగలో కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో చూసి చలిని లెక్కగడతారు.

అసలు టెన్షన్ బ్యాటరీలతోనే. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు కనపడడు, అన్నాళ్లూ అవే స్టేషన్‌ని మోయాలి. ఛార్జ్ నిండుగా ఉంటే లోపలి యాసిడ్ చిక్కగా ఉండి చాలా చలిని తట్టుకుంటుంది, ఖాళీ అయ్యేకొద్దీ పల్చబడి దాదాపు నీళ్లలా అయిపోతుంది, అప్పుడు గడ్డకట్టి డబ్బానే పగలగొడుతుంది. వాటిని పెట్టెలో పెట్టి మంచులోనే పాతుతాం, మంచు దుప్పటిలా కాస్త కాపాడుతుందని. మళ్లీ వెళ్లినప్పుడు ఆ పెట్టె ఎంత లోతుకి పోయిందో తవ్వితేగాని తెలీదు!

ఎందుకంటే చాలాచోట్ల పడిన మంచు కరగదు, ఏటా పేరుకుంటూనే పోతుంది. మూడు మీటర్ల ఎత్తున పెట్టిన పంకా కొన్నేళ్లకి మోకాలి దగ్గరికి వచ్చేస్తుంది. అప్పుడు స్తంభానికి పైన ఇంకో ముక్క తగిలించి అన్నిటినీ పైకి మార్చాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు నేను చేసిన తప్పు ఇక్కడే. విమానం దిగీ దిగగానే ఉత్సాహం కొద్దీ స్పానర్ పట్టుకుని నట్లు విప్పేశాను. మంచు మీంచి పంకా ఎంత ఎత్తులో ఉందో కొలవనే లేదు, గుర్తొచ్చేసరికి చుట్టూ మంచంతా మా బూట్ల కింద అణిగిపోయింది. నేలకి దగ్గరగా గాలి నెమ్మదిగా వీస్తుంది కాబట్టి, ఎత్తు తెలియకపోతే ఆ ఏడాది గాలి లెక్కల్ని దేనితో పోల్చాలో అర్థం కాదు. మా పెద్దాయన తిట్టలేదు, నోట్‌బుక్‌లో ఎత్తు అన్న చోట ‘తెలియదు’ అని రాసి పెన్ను జేబులో పెట్టుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఎప్పుడూ టేపే ముందు. నట్టు బిగించడానికి మందపాటి గ్లవ్స్ తీసి పల్చటివాటితో పది లెక్కపెట్టేంత సేపు పనిచేయడం, మళ్లీ చేతులు లోపలికి. ఉత్త చేత్తో లోహాన్ని ముట్టుకుంటే చర్మం అతుక్కుపోతుంది. జారిపడ్డ నట్టు మంచులో దొరకదు, అందుకే జేబు నిండా ఉంచుకునేవాణ్ణి.

కొలత నమ్మేలా ఉంటే ఎన్నేళ్లకైనా పనికొస్తుంది. గ్రీన్‌ల్యాండ్‌లో ఇలాంటిదే క్లింక్ అనే స్టేషన్ 1991 డిసెంబర్ 22న మైనస్ 69.6 డిగ్రీలు నమోదు చేసింది. అది ఉత్తరార్ధగోళంలోనే అతి తక్కువ ఉష్ణోగ్రత అని ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పుకున్నది 2020లో. అన్నేళ్ల తర్వాత ఎలా నమ్మారంటారా? రెండేళ్లు పనిచేశాక ఆ స్టేషన్‌ని వెనక్కి తెచ్చి ల్యాబ్‌లో పరీక్షించారు, ఆ తర్వాతే దాన్ని అంటార్కిటికాకి పంపారు.

మీ
తాతయ్య