ఎనభై దాటితే గుయ్‌మనే కారు: అపోహలు - వాస్తవాలు

మా కడప షెడ్డుకు ఈ కంప్లైంట్‌తో వచ్చేవాళ్ళు రోగంతో పాటు మందు కూడా చెప్పేసి దిగుతారు. "అన్నా, ఊళ్లో ఏం లేదు. కర్నూలు రోడ్డెక్కి ఎనభై దాటితే చాలు, గుయ్యిమంటాంది. ఫ్రంట్ బేరింగ్ పోయినట్టుంది, మార్చేయ్." మార్చేయడం పెద్ద పని కాదు. మార్చాక కూడా మోత అలాగే ఉంటే ఆ డబ్బు ఎవరిస్తారు?

అపోహ: గుయ్‌మంటే బేరింగే.

బేరింగ్ అంటే చక్రం తేలిగ్గా తిరగడానికి దాని నడుమ ఉండే గుండ్ల రింగు. నేను మాత్రం ముందు చూసేది టైర్లనే. సస్పెన్షన్ అరిగినా, అలైన్‌మెంట్ తప్పినా, టైర్లు ఏళ్ళ తరబడి ఒకే చోట తిరిగినా రబ్బరు సమంగా అరగదు. కారు ఆగి ఉన్నప్పుడు టైరు మీద అరచెయ్యి పెట్టి ముందు నుంచి వెనక్కి ఒకసారి, వెనక నుంచి ముందుకు ఒకసారి నిమరండి. ఒకవైపు నున్నగా జారి, రెండోవైపు రంపం పళ్ళలా తగిలితే ఆ టైరు స్పీడులో మోత పెట్టక మానదు. "గాడి లోతు ఇంకా బాగానే ఉంది కదా" అంటారు. లోతు ఉంటే వానలో పట్టు ఉంటుంది, నిజమే. మోత మాత్రం ఆ పళ్ళ వల్ల వస్తుంది. లోపలి అంచు కూడా తడమండి. అది బయటికి కనపడదు, అరుగుడు ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది.

ముందు చక్రాలతో నడిచే చిన్న కార్లలో వెనక టైర్లను ఎవరూ పట్టించుకోరు. పళ్ళు పడేది ఎక్కువగా వాటికే. అయినా డ్రైవరుకు శబ్దం ముందు నుంచి వచ్చినట్టు అనిపించొచ్చు, ఎందుకంటే మోత బాడీ రేకు పట్టుకుని పాకుతుంది. చెవిని నమ్మి ముందు బేరింగ్ కొనొద్దు. ఒకే వైపున్న ముందు, వెనక టైర్లను ఒకదాని చోట ఇంకోటి బిగించి అదే రోడ్డు మీద ఒక రౌండు వెయ్యండి. మోత చోటు మారినా, స్వరం మారినా అది టైరే. దీనికి స్పేర్ పార్టు ఖర్చు లేదు. పది వేల కిలోమీటర్లకోసారి ఇలా మారుస్తూ ఉంటే చాలావరకు ఇంతదాకా రాదు.

రోడ్డు కూడా సాక్ష్యం చెబుతుంది. గరుకు తారు మీద నుంచి కొత్తగా వేసిన నున్నటి తారు మీదికి రాగానే మోత తగ్గితే టైరు వైపే అనుమానం. బేరింగ్‌కు రోడ్డుతో పని లేదు, స్పీడుతోనే పని. ఖాళీగా ఉన్న తిన్నటి రోడ్డు మీద మోత వచ్చే స్పీడులో క్లచ్ తొక్కి పట్టండి. ఇంజన్ రేసు పడిపోయినా మోత పోకపోతే టైరో, బేరింగో అయి ఉంటుంది. తాళం మాత్రం ఆఫ్ చెయ్యొద్దు. స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు రాయిలా గట్టిపడుతుంది.

ఇక మలుపులు. రాయచోటి వైపు వెళ్ళేవాళ్ళకు గువ్వలచెరువు ఘాట్ ఉండనే ఉంది. టెస్టు కోసమని అక్కడ స్టీరింగ్ తిప్పి ఆడొద్దు, లారీలు దిగుతుంటాయి. మామూలుగా పోతూ పాటలు ఆపి, పక్క సీట్లో ఉన్నవాళ్ళను వినమనండి. ఎడమ మలుపులో బండి బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగి, కుడి మలుపులో తగ్గితే చాలావరకు కుడి బేరింగే.

అపోహ: జాకీ ఎత్తి చక్రం ఊపితే ప్లే (వదులు) లేదు, కాబట్టి బేరింగ్ బాగుంది.

ప్లే కనిపించేసరికి బేరింగ్ పని ఆఖరికి వచ్చినట్టు. మోత అంతకు చాలా ముందే మొదలవుతుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి, జాకీతో ఎత్తి, బండి కింద స్టాండు వేసి, ఒక చెయ్యి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచి రెండో చేత్తో చక్రం తిప్పండి. బాగున్న బేరింగ్ చేతికి తెలియదు. పోయినదైతే స్ప్రింగులో సన్నటి గరగర తెలుస్తుంది. రెండో వైపు చక్రంతో పోల్చి చూస్తే అనుమానమే ఉండదు.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయిస్తే మోత పోతుందనేది ఇంకో మాట. బ్యాలెన్సింగ్ తప్పితే స్టీరింగ్ వణుకుతుంది, గుయ్‌మనదు. అలైన్‌మెంట్ సరిచేస్తే ఇకముందు టైరు తేడాగా అరగదు, అంతే. పడ్డ పళ్ళు పోవు.

గ్రీజు పెట్టమని అడిగేవాళ్ళూ ఉన్నారు. పాత జీపులకు, ట్రాక్టర్లకు హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) విప్పి గ్రీజు పెట్టేవాళ్ళం. ఇప్పటి కార్లలో ఎక్కువగా సీలు వేసిన బేరింగులే. పోతే మార్చడమే.

అపోహ: బేరింగ్ మార్చడానికి సుత్తి, స్పానరు చాలు.

ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బేరింగును నకిల్‌లోకి, అంటే చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే ఇనుప భాగంలోకి, ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద మాత్రమే ఒత్తిడి పడాలి. హబ్ ఎక్కించేటప్పుడు లోపలి రింగుకు ఆసరా ఉండాలి. దెబ్బ గుండ్ల మీదుగా పోతే రింగు మీద కంటికి కనపడని సొట్టలు పడతాయి, కొత్త బేరింగే కొన్నాళ్ళకు మోత మొదలుపెడుతుంది. అందుకే సుత్తితో కొట్టకుండా సమంగా నొక్కి ఎక్కించే ప్రెస్సు మిషను కావాలి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా బండ్ల బేరింగుకు ఒకవైపు అయస్కాంతపు రింగు ఉంటుంది, అది చక్రం వేగం చూసే సెన్సార్ వైపే రావాలి. తిరగేసి ఎక్కిస్తే మీటర్లో ఏబీఎస్ లైటు వెలిగి కూర్చుంటుంది. యాక్సిల్ నట్టు కొత్తది వేసి, కంపెనీ చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాకే బరువు చక్రం మీద దించాలి.

రెండు వైపులా మార్చాలని రూలేం లేదు. పోయినదాన్నే మార్చండి.

ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ళు మోసే పికప్పుల లెక్క వేరు. వెనక చక్రాలతో నడిచే బండ్లలో ఎక్సలేటర్ తొక్కితే ఒక స్వరం, వదిలితే ఇంకో స్వరం వస్తే బేరింగ్ జోలికి పోకముందు డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా) ఆయిల్ లెవల్ చూడండి.

అపోహ: సౌండే కదా, నడిచినన్నాళ్ళు నడవనీ.

టైరు మోతైతే, టైరు చిట్లిపోయో, తీగలు తేలో, గాడి అయిపోయో ఉంటే తప్ప కొన్నాళ్ళు ఓర్చుకోవచ్చు. బేరింగ్ అలా కాదు. వేడెక్కుతుంది, ఆడుతుంది, చివరికి పట్టేస్తుంది. దూరం పోయి ఆగినప్పుడు ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి ఎక్కువగా కొడుతుంటే బేరింగో, బ్రేకు పట్టేయడమో అయి ఉంటుంది. డిస్కు మీద చెయ్యి పెట్టకండి, కాలుతుంది. బండి అక్కడే ఆపి మెకానిక్‌కు ఫోన్ చెయ్యండి. తిరుపతికి పొద్దున్నే బయల్దేరాలని ముందు రోజు రాత్రి షెడ్డుకు తెస్తారు చాలామంది. ఆ టైముకు ప్రెస్సు షాపు మూసేసి ఉంటుంది. రెండు రోజుల ముందు తీసుకురండి.