నీళ్లు పెట్టేముందు బ్లేడు చూడండి

అనంతపురం

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

మీ కాలనీ పార్కులో గడ్డి కోసే పని ఈసారి మీకు అప్పజెప్పినారని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. కోసిన రెండు రోజులకే గడ్డి పైపైన తెల్లబడి ఎండినట్టు కనిపిస్తాందని, అందుకని పూటపూటకూ బోరు వేస్తున్నారని కూడా చెప్పినాడు. ఆ బోరు కొంచెం ఆపండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వానతో బతికే జిల్లా మనది. ఇక్కడ గడ్డి ఎండినట్టుంటే అందరూ నీళ్లనే అనుమానిస్తారు, కోసే మిషన్ బ్లేడును ఎవరూ అనుమానించరు.

ఒక గడ్డిపోచ తెంపి కొస చూడండి. పదునైన బ్లేడు కోసింటే కొస నున్నగా, ఒకే గీతలో తెగి ఉంటాది. మొండి బ్లేడు అయితే కొస చీలి, పీచులు వేలాడుతుంటాయి. ఆ పీచే ఒకటి రెండు రోజుల్లో తెల్లబడి మట్టిరంగుకు తిరుగుతాది. చీలిన కొసలోంచి తేమ ఎక్కువ పోతాది, తెగుళ్లు దూరేదానికీ అదే దోవ. ఎన్ని నీళ్లు పెట్టినా ఆ కొస మళ్లీ పచ్చబడదు.

మీ దగ్గరుండేది రోటరీ మోవర్. కిందుండే బ్లేడు నిమిషానికి సుమారు 3,000 చుట్లు తిరుగుతూ గడ్డిని కొట్టి తెంపుతాది. అంత వేగం కాబట్టి పదును పోయినా పని జరుగుతానే ఉంటాది. మిషన్ ఆగిపోదు కదా, అందుకే ఎవరికీ అనుమానం రాదు. 20, 25 గంటల పనికి ఒకసారి సాన పట్టాలనేది మామూలు లెక్క. మన ఎర్రనేలలో ఇసుక, గులకరాళ్లు ఎక్కువ కాబట్టి అంతదాకా ఆగొద్దు. వానలు మొదలయ్యేటప్పుడు ఒకసారి, దసరా ముందర ఒకసారి ఎట్లయినా విప్పాల. రాయి తగిలి టంగుమన్న రోజు మటుకు అప్పుడే మిషన్ ఆపి చూడండి.

విప్పేటప్పుడు పెద్దోళ్లు ఎవరైనా పక్కనుండాల, చేతులకు మందపాటి గ్లౌజులుండాల. కరెంటు మిషన్ అయితే స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకి కళ్లెదుట పెట్టుకోండి. బ్యాటరీదైతే బ్యాటరీ తీసెయ్యండి. పెట్రోలుదైతే ఇంజను చల్లారినాక స్పార్క్ ప్లగ్గు మీది వైరు ఊడబెరికి దూరంగా తిప్పి పెట్టండి. ఇది చెయ్యకుండా బ్లేడును చేత్తో తిప్పితే ఇంజను ఒక్క చుట్టు అందుకోవచ్చు, ఆ ఒక్క చుట్టుకే వేళ్లు పోతాయి. టాంకీలో పెట్రోలు తక్కువున్నప్పుడే మిషన్ను వాల్చండి. పక్కకు పడుకోబెడితే ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు పైకి ఉండాల. కిందికి పెట్టినారంటే ఆయిలు ఫిల్టర్లోకి దిగి, మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ కమ్ముకుంటాది.

బ్లేడు కింది ముఖం మీద పెయింటుతో ఒక చుక్క పెట్టండి. తలకిందులుగా బిగించడం అందరూ చేసే తప్పు. బ్లేడు వెనక అంచు పైకి లేచి రెక్క మాదిరి ఉంటాది చూడండి, అది మిషన్ పొట్ట వైపుకే ఉండాల. గాలిని పైకి లాగి వాలిన గడ్డిని నిలబెట్టేది ఆ రెక్కే. బ్లేడు తిరక్కుండా ఒక కట్టెముక్క అడ్డం పెట్టి, పానాతో బోల్టును గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. తుప్పు పట్టి రాకపోతే చమురు పోసి కాసేపు వదిలెయ్యండి. బోరునీళ్ల ఉప్పుకు మన దగ్గర బోల్టులు తొందరగా పట్టేస్తాయి.

సానకు 10 అంగుళాల చదును ఆకురాయి చాలు. బ్లేడును కదలకుండా పట్టే వైస్‌లో బిగించి, పై ముఖం మీద ఏటవాలుగా ఉన్న అంచునే రాయండి. కంపెనీ ఇచ్చిన వాలు సుమారు 30 డిగ్రీలుంటాది, దాన్నే పట్టుకొని పోండి. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తాల, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాల. ఒక కొసకు ఎన్ని రాతలు రాస్తే రెండో కొసకూ అన్నే. పదును వచ్చిందా లేదా అని వేలు పెట్టి చూడొద్దు. వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అంచు వెంబడి సన్నని తెల్లగీత మెరుస్తాంటే అక్కడ ఇంకా మొండిగానే ఉన్నట్టు. అయితే గడ్డం గీసుకునేంత పదునూ వద్దు. అంత సన్నని అంచు మొదటి గులకరాయికే విరిగి మడతపడతాది. వంటింట్లో వెన్న తీసే చాకంత ఉంటే చాలు.

కరెంటు సానరాయి మీద పెట్టేవాళ్లకు ఇస్తే దగ్గరుండి చూడండి. క్షణక్షణం నీళ్లలో ముంచుతూ పట్టాల. అంచు నీలిరంగుకు తిరిగిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఆ పదును నాలుగు రోజులు కూడా నిలవదు.

తర్వాత చెయ్యాల్సింది తూకం. దీన్ని ఎక్కువమంది వదిలేస్తారు, నా లెక్కన సాన కంటే ఇదే ముఖ్యం. గోడకు ఒక మేకు కొట్టి, నడిమి బెజ్జంలోంచి బ్లేడును అడ్డంగా తగిలించండి. ఏ కొస కిందికి దిగితే అది బరువు. ఆ కొసనే ఇంకొంచెం రాసి మళ్లీ తగిలించండి. ఎటూ వాలకుండా నిలబడేదాకా చెయ్యాల. తూకం తప్పిన బ్లేడు ఆ వేగంలో మిషన్నంతా వణికిస్తాది. పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి, బేరింగులు అరుగుతాయి, బోల్టు వదులైతాది.

రెక్క మొదట్లో, చదును భాగం వంపు తిరిగే చోట, వేలుతో కాకుండా కంటితో బాగా చూడండి. గాలితో పాటు లేచే ఇసుక అక్కడే అరగదీస్తాది. మొదట రేకులాగ పల్చబడతాది, తర్వాత చీలిక పడతాది. ఆ ముక్క ఊడి ఎగిరిందంటే తుపాకీ గుండే. అట్లాంటి బ్లేడును వెల్డింగు షాపుకు తీసుకుపోవద్దు, పారెయ్యండి. వంగినదాన్ని సుత్తితో కొట్టి సరిచెయ్యడమూ వద్దు. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని చేతిలో పట్టుకుపోయి, పొడవూ నడిమి బెజ్జం ఆకారమూ కలిసేదే అడగండి.

మీ పార్కు చుట్టూ అంచుకు కడప బండలు పాతినారు కదా. వాటి కొసలు గడ్డి మట్టం కంటే పైకి లేచి ఉంటే బ్లేడుకు అంతకు మించిన శత్రువు లేదు. బండ పక్కన ఒక జానెడు వదిలి మిషన్ పోనిచ్చి, మిగిలింది కత్తెరతో కోసుకోండి. మొదలుపెట్టేముందు రాళ్లు, సీసా మూతలు ఏరండి.

మీది గరిక కాబట్టి 3, 4 సెంటీమీటర్ల ఎత్తులో కోస్తే సరిపోతాది, ఎండాకాలంలో ఇంకొంచెం పైన. ఒక్క విడతలో ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తియ్యొద్దు. తడిగడ్డి జోలికి పోవద్దు.

మీ స్కూల్లో తోసే సిలిండర్ మోవర్ ఉందన్నారు. అది కొట్టేది కాదు, కత్తెర మాదిరి కోసేది. చుట్టూ తిరిగే బ్లేడ్లు కిందుండే పట్టీకి ఆనీ ఆనకుండా పోవాల. దానికి ఆకురాయి పనికిరాదు, గ్రైండింగ్ పేస్టు పూసి బ్లేడ్లను వెనక్కి తిప్పి అరగదీస్తారు. అది పెద్ద మెకానిక్ పని. మీరు చెయ్యగలిగింది పరీక్ష. చక్రాలు కదలకుండా పట్టి, వార్తాపత్రిక పీలిక ఒకటి బ్లేడుకూ పట్టీకీ నడుమ పెట్టి, సిలిండరును కట్టెతో మెల్లగా తిప్పండి, చెయ్యి మాత్రం దగ్గరికి పోనివ్వొద్దు. పట్టీ పొడవునా నాలుగైదు చోట్ల చూడండి. కాగితం నున్నగా తెగితే బాగున్నట్టు. ఒక పక్కే తెగి ఇంకో పక్క మడతపడితే మడతపడిన పక్క పట్టీ స్క్రూ వదులైంది, పావు చుట్టు బిగించి మళ్లీ కాగితం పెట్టండి.

ఉంటాను,
మీ తాత